తెల్ల దుప్పట్ల వంపు

డీజిల్ ఇంజను షెడ్డులో ఉంది.
కొత్తదే. ఎర్రగా, ముద్దుగా ఉంటుంది.
పిడికిలంత పార్టు ఒకటి ఆస్ట్రియా నుంచి రావాలట.
వస్తోంది వస్తోంది అంటూనే
మూడు చలికాలాలు వెళ్ళిపోయాయి.

అందుకని తెల్లవారుజామున నాలుగింటికి
నేనొచ్చి ఈ ముసలిదాని పొట్టలో నిప్పు రాజేస్తాను.
చెక్క ముక్కలు, నూనె గుడ్డ, నిన్నటి పేపరు.
పేపర్లో మంత్రిగారి ఫొటోయే ముందు అంటుకుంటుంది,
ఎందుకో తెలియదు.

బోస్నియాలో ఈ లోయలో
బొగ్గు కొనక్కర్లేదు, మేం నిలబడ్డ నేలే బొగ్గు.
శనగలమ్మేవాడు శనగలే నమిలినట్టు
మోసేదాన్నే తింటూ పోతుందిది.

దీన్ని యుద్ధం కోసం చేశారు, నలభై మూడులో.
ఐదేళ్ళు నడిస్తే చాలనుకుని
ఇత్తడి పెట్టాల్సిన చోట ఇనుము పెట్టారు,
ఇనుము పెట్టాల్సిన చోట ఏమీ పెట్టలేదు.
చేసినవాళ్ళు ఓడిపోయారు.
తర్వాత ఎప్పటికో మా యుద్ధం వచ్చింది.
నీళ్ళ తొట్టికి ఉన్న మూడు చిల్లులు అప్పటివి.
హాజిమ్ వాటికి ప్లమ్ చెక్క బిరడాలు కొట్టాడు.
తడికి ఉబ్బి బిగుసుకున్నాయి.
ఇవాళ్టికీ చుక్క కారదు.

హాజిమ్ డ్రైవరు. మాట తక్కువ.
ప్రెషరు గేజి అద్దం పగిలి ఎనిమిదేళ్ళు;
ముల్లు చూడడు.
బాయిలరు మీద అరచెయ్యి పెట్టి
పిల్లకి జ్వరం చూసినట్టు చూసి
"పద" అంటాడు.

ఏడో కిలోమీటరు దగ్గర వంపు.
వంపు లోపల షెవాలా ఇల్లు,
ఇంటికీ పట్టాలకీ మధ్య బట్టల తాడు.
నలభై ఏళ్ళుగా ఆవిడ మమ్మల్ని తిడుతోంది.
మా నాన్న బొగ్గు వేసే రోజుల్లో నాన్నని తిట్టేది.
అవే తిట్లు, ఒక్క మాట పోకుండా,
నగల్లా నాకు దక్కాయి.

అందుకే వంతెన దాటగానే
హాజిమ్ రెండు కూతలు వేస్తాడు,
రూల్సు పుస్తకంలో లేనివి.
మొదటిది: షెవాలా, దుప్పట్లు తియ్యి.
రెండోది: తీశావా?
నేను పార ఆపుతాను.
పొగ పలచబడుతుంది.
నిద్రపట్టిన బిడ్డ పక్కనుంచి లేచిన తల్లిలా
అడుగులో అడుగేసుకుంటూ
వంపు తిరుగుతుంది ఈ నూరు టన్నుల ఇనుము.

మొన్న మార్చిలో
జర్మనీ నుంచి పదకొండుమంది వచ్చారు.
మెడలో కెమెరాలు, ఖరీదైన బూట్లకి మా బురద.
తాతల కాలపు ఇంజనుని చూసి
ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే.
వంపు దగ్గర పొగ నల్లగా, దట్టంగా కావాలన్నారు,
మంచు మీద బాగుంటుందట.
కూత వద్దన్నారు, ఆవిరి అడ్డొస్తుందని.
నూట యాభై మార్కులు.
మా అమ్మాయి కళ్ళజోడు ఖరీదు సరిగ్గా అంతే.

హాజిమ్ నా వైపు చూడలేదు.
కూత తాడు ముట్టుకోలేదు.
నేను వేశాను, పన్నెండు పారల తడి బొగ్గు.
ఆకాశానికి మూత పడ్డట్టయింది.
కెమెరాలు వడగళ్ళలా టపటపలాడాయి.
పొగ చీలిన చోట ఒక్క క్షణం
తాడు కనిపించింది, దాని మీద నాలుగు దుప్పట్లు.
గుమ్మంలో ఆవిడ, చేతులు కిందికి వేలేసి.
తిట్టలేదు.
అంత మోతలోనూ
తిట్టకపోవడం వినిపించింది నాకు.

కళ్ళజోడు వచ్చింది.
అమ్మాయి అది పెట్టుకుని షెడ్డుకొచ్చి
"నాన్నా, ఇది ఇంత మురికిగా ఉంటుందా" అంది.

గురువారం, వంపులో,
వెనక ఇరవై రెండు బొగ్గు పెట్టెలతో
హాజిమ్ బ్రేకు వేశాడు.
నేనేం అడగలేదు.
బాయిలరు నీళ్ళు తుప్పు రంగు, పనికిరావు.
ఆవిడ తొట్టిలోని బావినీళ్ళలోకే
ఆవిరి గొట్టం లాగి పెట్టాను.
నీళ్ళు గొణిగాయి, కుతకుతలాడాయి.
షెవాలా దుప్పట్లు తెచ్చి ఒక్కొక్కటే ముంచింది.
నాలుగోది ముంచాక నడుం నిలబెట్టి
తిట్టింది,
నన్ను, మా నాన్నని, ఇంజను చేసిన జర్మన్లని, వరసగా.
నా భుజాలు దిగాయి.

రేడియోలో కంట్రోలు వాళ్ళు అరుస్తున్నారు:
ఎందుకాగారు? ఏడో కిలోమీటరు, ఎందుకాగారు?

"నీళ్ళ కోసం" అన్నాడు హాజిమ్.